చిట్టా కింది నుంచి రాస్తే

పెళ్లయిన పదిహేనేళ్లుగా మా ఇంటి సరుకుల చిట్టా ఒకే వరసలో ఉండేది. మొదట బియ్యం, ఆ కింద నూనె, చక్కెర, చాయ్ పత్తి, కారం, పసుపు, సబ్బులు. తర్వాత కందిపప్పు రెండు కిలోలు. అన్నిటికన్నా అడుగున 'కూరగాయలు' అని ఒక్క మాట. దాని పక్కన అంకె ఉండేది కాదు. పైవన్నీ కొన్నాక ఎంత మిగిలితే అంత అన్నమాట. మా అమ్మ అలాగే రాసేది, అత్తమ్మ అలాగే చెప్పి రాయించేది. ఆ వరసలో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

పోయినేడాది ఆషాఢంలో మా అమ్మాయి బళ్లో పిల్లలందరికీ రక్తపరీక్షలు చేశారు. దానికి పదమూడేళ్లు. హిమోగ్లోబిన్ 9.4 అని చీటీ వచ్చింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అది అంతకు రెండు నెలల ముందు నుంచే చెబుతోంది. ఎండల వల్లనేమో అనుకున్నాను. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, "నిన్న పొద్దున్నుంచి ఏమేం తిన్నదో వరసగా చెప్పమ్మా" అంది. పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, టమాటా చారు, ఆలుగడ్డ వేపుడు. సాయంత్రం చాయ్‌లో బిస్కెట్లు. రాత్రి పెరుగన్నం. ఆమె రాసుకున్న కాగితాన్ని నా వైపు తిప్పి, "ఇందులో బియ్యం, మైదా కాకుండా ఏమున్నాయో నువ్వే చూడు" అంది. చూశాను. ఇడ్లీలో కాస్త మినపప్పు, రాత్రి కాస్త పెరుగు. అంతే.

అప్పుడు మేం పస్తులేమీ లేము. అత్తమ్మ, మా ఆయన, నేను, అమ్మాయి, నలుగురి తిండికి నెలకు 6,500 రూపాయలు పెడుతున్నాం. అద్దె, ఫీజు, బస్ పాసులు పోగా అంతకు మించి పెట్టే వీల్లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 58 మందికి పైనే అని తేలింది. వాళ్లలో చాలామంది ఇళ్లలో కూడా పొయ్యి రోజూ వెలుగుతూనే ఉంటుంది. పొయ్యి మీదికి ఏం ఎక్కుతోందన్నదే అసలు సంగతి. ఏడాదిగా అదే 6,500తో మేం ఏం చేస్తున్నామో మొదటి నుంచి చెబుతాను.

డబ్బాలు దించడం

నెల చివరి సాయంత్రం అటక మీద, అల్మారాలో ఉన్న డబ్బాలన్నీ నేల మీదికి దించుతాం. ఒక్కొక్కటీ మూత తీసి చూసి, ఎంతుందో కాగితం మీద రాస్తుంది అమ్మాయి. ఈ పని పావుగంటలో అయిపోతుంది. చేయని నెలలో మాత్రం ఇంట్లో ఉన్న శనగపప్పే మళ్లీ కొంటాం. మొదటి నెలలో చవకగా వస్తోందని ఐదు కిలోల కందిపప్పు ఒకేసారి తెచ్చాను. వానాకాలం, గాలిలో తేమ. ఇరవై రోజులకు డబ్బాలో పిండి రాలింది, పురుగు తిరిగింది. రెండు కిలోలు పారబోశాను. చవకలో వచ్చిన లాభమంతా అందులోనే పోయింది. అప్పటి నుంచి ఏ పప్పూ నెలకు మించి తేను. తెచ్చినదాన్ని ఒకపూట ఎండలో ఆరబోసి, చల్లారాక డబ్బాలో పోసి, నాలుగు ఎండుమిరపకాయలో గుప్పెడు ఎండిన వేపాకో వేస్తాను.

చిట్టా రాయడం

మా ఇంట్లో మారిందంతా ఇక్కడే మారింది. చిట్టాను కింది నుంచి రాయడం మొదలుపెట్టాను. కూరగాయలూ ఆకుకూరలూ ముందు, వాటి పక్కన అంకె. తర్వాత పప్పులు, గుడ్లు, పల్లీలు, పాలు. అవన్నీ అయ్యాక నూనె, చక్కెర, చాయ్ పత్తి. మిగిలినదాంట్లోనే అవి సర్దుకోవాలి.

ఎంతెంత రాయాలన్నదానికి నాకు తార్నాక దారి చూపింది. అక్కడ, మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయులకు ఆహార సూచనలు విడుదల చేసింది. రెండువేల కేలరీలు అవసరమైన మనిషికి రోజుకు ధాన్యం 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డూ మాంసం 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పల్లీలు నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు. ఆ అంకెలు చూడగానే కాగితం తీసుకుని నాలుగుతో, ముప్ఫైతో హెచ్చించాను. ధాన్యం నెలకు ముప్ఫై కిలోలు వచ్చింది. తెలంగాణలో ఆహారభద్రత కార్డు మీద మనిషికి ఆరు కిలోల బియ్యం ఉచితంగా ఇస్తారు. 2025 ఉగాది నుంచి అవి సన్నబియ్యం. నలుగురికి ఇరవై నాలుగు కిలోలు. మరో ఆరు కిలోలు జొన్నలూ రాగులూ తెచ్చుకుంటే ధాన్యం లెక్క ముగిసింది.

అంతకుముందు మేం బయట ఇరవై ఐదు కిలోల సన్నబియ్యం బస్తాకు పదిహేను వందలు పెట్టేవాళ్లం. రేషన్‌లో సన్నబియ్యం వచ్చాక ఆ డబ్బు మిగిలింది. మిగిలిందని తెలుసు కానీ ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. వెతికితే బిస్కెట్లలో, కుర్కురే ప్యాకెట్లలో, సాయంత్రం బండి మీద తెచ్చిన మిర్చి బజ్జీల్లో దొరికింది. రేషన్ బియ్యం వల్ల మిగిలిన ప్రతి రూపాయీ పప్పులోకీ గుడ్లలోకీ వెళ్లాలని చిట్టా పైన పెద్దక్షరాలతో రాసి గీత గీశాను. ఈ ఒక్క మాట మాత్రం ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను. ఉచిత బియ్యం వచ్చిందని మరింత అన్నం తినకూడదు. బియ్యానికి పెట్టే డబ్బును అన్నం పక్కన ఉండేవాటికి తిప్పాలి.

కూరగాయల లెక్కే కళ్లు తెరిపించింది. నలుగురికి నెలకు 48 కిలోలు. అంటే వారానికి పదకొండు. మేం అప్పటిదాకా వారానికి నాలుగు కిలోలు కూడా తేవడం లేదు, అందులో సగం ఆలుగడ్డలూ ఉల్లిగడ్డలే.

రూపాయికి ఎంత మాంసకృత్తి

పప్పుల దగ్గర ఒక చిన్న లెక్క వేసుకున్నాను. కిలో ధర ఎంతని కాకుండా, రూపాయి పెడితే ఎన్ని గ్రాముల మాంసకృత్తులు వస్తున్నాయని చూశాను. మా వీధి కిరాణంలో కందిపప్పు 130. కిలోలో 220 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి కాబట్టి రూపాయికి గ్రామున్నర పైన. ఉలవలు 80 రూపాయలే, వాటిలోనూ మాంసకృత్తులు దాదాపు అంతే. అంటే రూపాయికి రెండున్నర గ్రాముల పైన. మీల్‌మేకర్ అన్నిటినీ మించింది, రూపాయికి నాలుగు. పల్లీలు కందిపప్పుతో సమానం. గుడ్డు ఏడు రూపాయలు, ఆరు గ్రాములు. కోడికూర ఎముకలు తీసేస్తే అర గ్రాము కాస్త దాటింది. అమ్మాయికి బలమని నెలనెలా కొన్న డబ్బా పొడి, పాలలో కలిపేది, అన్నిటికంటే అడుగున తేలింది. డబ్బా వెనక పదార్థాల వరస చదివితే చక్కెర ముందు వరసలోనే ఉంది. ఆ రోజే చిట్టాలోంచి కొట్టేశాను.

ధరలు నెలనెలా మారతాయి, ఊరూరికీ మారతాయి. లెక్క వేసే తీరు మాత్రం ఎక్కడైనా పనిచేస్తుంది. అలాగని రూపాయి లెక్కే సర్వస్వం కాదు. గుడ్డులోని మాంసకృత్తులు ఒంటికి బాగా పడతాయి, బి12 ఉంటుంది. అది పప్పుల్లో దొరకదు. అందుకే గుడ్లు తగ్గించలేదు. నెలకు రెండు ట్రేలు, అరవై గుడ్లు, మనిషికి రోజు విడిచి రోజు ఒకటి. పప్పుల్లో ఉండే లోటును అన్నం, అన్నంలో ఉండే లోటును పప్పు తీర్చుకుంటాయి. కాబట్టి పప్పూ అన్నమూ విడివిడిగా కంటే కలిసే మేలు.

ఉలవల సంగతి ఇంకాస్త చెప్పాలి. మా నాన్నకు ఎడ్లుండేవి. వాటికి పొద్దున్నే ఉలవలు ఉడికించి పెట్టేవాళ్లు. ఆ ఉడికించిన నీళ్లతోనే అమ్మ చారు కాచేది. పట్నం వచ్చాక ఉలవల పేరే మరిచిపోయాను. హోటళ్లలో ఉలవచారు బిర్యానీ అని రాసి ఉంటే చూశానే కానీ ఇంటికి కిలో తెచ్చుకోవాలని తోచలేదు. ఇప్పుడు నెలకు కిలో. రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో ఏడెనిమిది విజిళ్లు రానిస్తాను. నీళ్లు వంపి చింతపండు పులుసు, ఎల్లిపాయ వేసి చారు పెడతాను. గింజలు తాలింపేసి సాయంత్రం గుడాలుగా అమ్మాయికి పెడతాను. ఒకే గింజ రెండు పూటలకొస్తుంది. వేడి చేస్తుందని అత్తమ్మ మొదట వద్దంది. మజ్జిగతో పెట్టాక ఆ మాట మళ్లీ అనలేదు.

పప్పులు, పెసలు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు, మినపప్పు, పుట్నాలు, అరకిలో మీల్‌మేకర్ కలిపి 930 రూపాయలయింది. గుడ్లు 420. పల్లీలు రెండు కిలోలు, నువ్వులు అరకిలో, పావుకిలో అవిసెగింజలు 440. పాలు రోజుకు ఒక అరలీటరు ప్యాకెట్, 900. సంస్థ చెప్పినంత పాలు మా వల్ల కాలేదు. ఆ కాల్షియం లోటు రాగులతో, నువ్వులతో, మునగాకుతో తీర్చుకుంటున్నాం. వంద గ్రాముల రాగుల్లో ఉండే కాల్షియం, అంతే పాలలో ఉండేదానికి మూడింతలు. జొన్నలు నాలుగు కిలోలు, రాగులు రెండు కిలోలు గింజలుగానే తెచ్చి గిర్నీలో పట్టిస్తాను. నూనె ఐదు ప్యాకెట్లనుంచి మూడుకి దిగింది. అదెలాగో వంట దగ్గర చెబుతాను.

సంచీ పట్టుకుని

కిరాణానికి నెలకొకసారి, కూరగాయలకు వారానికి రెండుసార్లు. ఆదివారం పొద్దున ఎర్రగడ్డ రైతుబజారు, నడివారంలో సాయంత్రం మా బస్తీలో పెట్టే అంగడి. రైతుబజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. అప్పుడు నేను చిన్నపిల్లను. రైతే నేరుగా అమ్ముకుంటున్నాడని నాన్న గొప్పగా చెప్పేవాడు. అక్కడ గేటు దగ్గర ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. లోపలికి పోయే ముందు ఒక నిమిషం ఆగి చదువుతాను. ఏది అడుగున ఉందో అదే ఆ వారం మా కూర. ఫలానా కూర వండాలనుకుని బజారుకు పోతే సంచీ సగమే నిండుతుంది. బజారు చూశాక కూర అనుకుంటే నిండా వస్తుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి పైపైకి పోతుంటే, పావుకిలో కొనడానికి కూడా వెనకాడుతూ మా వీధి ఆడవాళ్లమంతా దాని గురించే మాట్లాడుకున్నాం. పులుపుకి గోంగూర ఉంది, చుక్కకూర ఉంది, చింతపండు ఉంది, ఎండాకాలం చింతచిగురు ఉంటుంది. టమాటా లేకుండా మన వంటలు వందల ఏళ్లు నడిచాయి.

ఆకుకూరలమ్మే ఆమెతో ఏడాదిలో నాకు మంచి చనువు ఏర్పడింది. మొదట్లో నేను సాయంత్రం పోయి అన్నీ ఒకేసారి అడిగేదాన్ని. ఆమే చెప్పింది, "అక్కా, తోటకూర, బచ్చలి రాత్రి ఏడు దాటినంక తీస్కో, ఇరవైకి ఆరు కట్టలిస్త. మెంతికూర, కొత్తిమీర మాత్రం పొద్దుగాల్నే కొను. మాపటికి వాడుతయి, నీకు దండగ." ఈ తేడా ఏ పుస్తకంలోనూ చదవలేదు. తోటకూరకు కాడ బలం ఉంటుంది. రాత్రి ఇంటికి తెచ్చి వేళ్లను నీళ్లలో పెడితే పొద్దుటికి మళ్లీ నిలబడుతుంది. చీకటి పడ్డాక అంగట్లో వంకాయలూ దోసకాయలూ కుప్పలు పోసి కుప్ప ఇరవై అంటారు. పై వరస చూసి కొనను, కుప్ప అడుగున చేయి పెట్టి చూస్తాను.

క్యాలీఫ్లవర్ అమ్మేవాళ్లు చుట్టూ ఉన్న ఆకులు నరికి పారేస్తారు. ముల్లంగి ఆకు తుంచేస్తారు. అడిగితే ఉత్తినే ఇస్తారు. లేత ఆకులు ఏరి పెసరపప్పుతో కలిపి వండుతాను. గంగవాయిలి కూర వానాకాలంలో పది రూపాయలకు సంచెడు. మా సందు చివర ఇంట్లో మునగచెట్టుంది. కాయలు కోసుకుంటారు, ఆకు రాలిపోతుంటుంది. అడిగితే ఆ ఇంటి పెద్దమ్మ, "ఆకు కోస్తే కొమ్మ చిగురిస్తది, కోసుకపో బిడ్డా" అంది.

పండ్లంటే యాపిల్ అనే మాట మా ఇంట్లో బలంగా ఉండేది. ఒంట్లో బాగోలేని వాళ్లను చూడబోతే యాపిళ్లే తీసుకెళతాం కదా. ఇప్పుడు జామ, అరటి, బొప్పాయి. దసరా రోజుల్లో సీతాఫలం, ఎండాకాలం మామిడి. జామలో ఉండే సి విటమిన్ నారింజలో ఉండేదానికి నాలుగింతలు. పైగా భోజనంలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టించేది సి విటమినే. కూరగాయలకూ పండ్లకూ కలిపి వారానికి 450 రూపాయలు. చిట్టాలో అన్నిటికంటే పెద్ద అంకె ఇదే. మొదటి నెల దాన్ని రాస్తుంటే చేయి వణికింది.

పొయ్యి దగ్గర

తోటకూరను కోశాక కడుగుతారు చాలామంది. నేనూ అలాగే కడిగేదాన్ని. కోసిన ముక్కల్ని నీళ్లలో ముంచితే సి విటమిన్ వంటివి నీళ్లలోకి పోతాయి. కాబట్టి వేళ్లు మాత్రం కోసి, కట్టకు కట్టగా వెడల్పాటి టబ్బులో ముంచి, పట్టుకుని ఆడించాలి. ఇసుక అడుక్కి దిగుతుంది. నీళ్లు వంపకూడదు, కట్టను పైకి తీసి నీళ్లు పారబోయాలి. వంపితే ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. మూడోసారి టబ్బు అడుగున వేలితో తడిమితే గరగర లేకపోతే అయినట్టు. అప్పుడు ఆకు ఒక పక్క, కాడలు ఒక పక్క. ఆకు ఇవాళ పప్పులోకి, కాడలు రేపు పులుసులోకి. ముదురు కాడకు పైపీచు ఒక్క లాగుతో వస్తుంది, లోపల తెల్లగా మెత్తగా ఉంటుంది. పులుసులో నానాక అత్తమ్మ పళ్లు లేకపోయినా నమిలేస్తుంది.

కందిపప్పు ఒక గ్లాసు, అందులో పావు వంతు పెసరపప్పు. అరగంట నానబెడితే గ్యాసూ ఆదా, ఉడకడమూ మెత్తగా. పప్పుతో పాటే ఆకును కుక్కర్‌లో వేయను. పప్పు మెత్తబడ్డాక మూత తీసి, గ్లాసు పప్పుకు మూడు కట్టల ఆకు వేసి, ఐదారు నిమిషాలు ఉడకనిస్తాను. పాత పద్ధతిలో గ్లాసు పప్పుకు ఒక్క కట్ట వేసేదాన్ని, పప్పులో పచ్చటి చుక్కలు కనిపించేవి. ఇప్పుడు పచ్చటి కూరలో పప్పు కనిపిస్తుంది. తాలింపులో నువ్వులొక చెంచా, ఎల్లిపాయ, కరివేపాకు. దించి, వేడి కాస్త తగ్గాక నిమ్మకాయ సగం పిండుతాను. పొయ్యి మీద ఉండగా పిండితే పులుపు మిగులుతుంది, సి విటమిన్ చాలావరకు పోతుంది.

నూనెకు ఒక చిన్న సీసా పెట్టుకున్నాను. పొద్దున వంద మిల్లీలీటర్లు అందులో పోస్తాను. ఆ రోజు దోశలకైనా తాలింపుకైనా పొడిలోకైనా అదే. నెలకు మూడు లీటర్లు ఇలా కుదిరింది. ఉప్పుకూ అలాంటి కొలతే పెట్టాను. మనిషికి రోజుకు ఐదు గ్రాములు దాటకూడదంటారు, కిలో ప్యాకెట్ నలుగురికి యాభై రోజులు రావాలి. మాకింకా నలభై రోజులే వస్తోంది. పచ్చళ్ల దగ్గర ఓడిపోతున్నాం.

రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలేవి, చూడటానికి కాస్త తేడాగా ఉండేవి. ప్లాస్టిక్ బియ్యమని మా వీధిలో ఏరి పారేసేవాళ్లు. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యప్పిండితో చేసిన గింజలు. నూరు బియ్యపు గింజలకు ఒకటి చొప్పున కలిపేవాళ్లు. అంటే డాక్టరమ్మ మాత్రల్లో ఉన్న ఇనుమే కొంత బియ్యంలోనూ వస్తుంటే, మేం దాన్ని కాలవలో పోస్తున్నామన్నమాట. అది తెలిశాక నీళ్లు తేటపడేదాకా కడగడం మానేశాను. రెండుసార్లు మెల్లగా కలిపి, గింజలు పోకుండా చెయ్యి అడ్డం పెట్టి వంపుతాను. గంజి వార్చకుండా నీళ్లు సరిపెట్టి అత్తెసరు పెడతాను.

మునగాకు పొడి నెలకొకసారి చేస్తాను. ఆకును కడిగి, గుడ్డ మీద నీడలో రెండు రోజులు ఆరబెట్టాలి. వేలితో నలిపితే పొడిపొడిగా రాలాలి. గుప్పెడు పల్లీలు, గుప్పెడు మినపప్పు, రెండు చెంచాల నువ్వులు, ధనియాలు, ఎండుమిర్చి విడివిడిగా, నూనె లేకుండా వేయించి, చివర్లో ఆకును వేడి మూకుట్లో వేసి అలా తిప్పి దించాలి. నల్లబడితే చేదొస్తుంది. చింతపండు, ఎల్లిపాయ, ఉప్పు వేసి బరకగా పట్టాలి. కూర తక్కువైన పూట ఈ పొడే ఆదుకుంటుంది.

అన్నిటికంటే కష్టమైంది చాయ్. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే అందులోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేస్తాయి, ఒంటికి అందనివ్వవు. అమ్మాయికి చాయ్ పూర్తిగా మాన్పించి పొద్దున రాగిజావ మొదలుపెట్టాను. అత్తమ్మ మాత్రం, "అన్నం తిన్నంక చాయ్ పడకుంటే నాకు తిన్నట్టే ఉండదు" అని వారం రోజులు మొహం ముడుచుకుంది. చివరికి గంటన్నర ఆగి తాగడానికి ఒప్పుకుంది. ఇప్పుడు గడియారం చూసి తనే అడుగుతుంది.

పళ్లేల దగ్గర

వండినంత మాత్రాన సరిపోలేదు. వడ్డన కూడా మార్చాల్సి వచ్చింది. మా ఇంట్లో ముందు మా ఆయన, అత్తమ్మ, ఆ తర్వాత అమ్మాయి, చివర నేను. నా వంతు వచ్చేసరికి గిన్నెలో చారు నీళ్లు, అడుగున నాలుగు మెతుకులు. కూర అయిపోతే ఊరగాయ వేసుకుని లేచేదాన్ని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చూసేటప్పటికి అందరూ తిని లేచి ఉండేవాళ్లు. బళ్లో పరీక్ష తర్వాత నేనూ రక్తపరీక్ష చేయించుకున్నాను. నాదీ తక్కువే వచ్చింది, 10.1.

ఇప్పుడు పొయ్యి మీది నుంచి దించగానే కూరను నాలుగు గిన్నెల్లో సమంగా తీస్తాను. గుడ్లుంటే నాలుగు, లేకపోతే ఆ పూట ఎవరికీ లేదు. పళ్లెంలో ముందు కూరే పడుతుంది, సగం పళ్లెం అదే ఆక్రమిస్తుంది. మిగిలిన సగంలోనే అన్నమూ పప్పూ. మొదటి వారం మా ఆయన అన్నం చాల్లేదన్నాడు. మారు వడ్డించాను, కానీ అన్నంతో పాటు పప్పు కూడా. రెండో వారానికి మారు అడగడం తగ్గింది. ఆయన డబ్బాలోనూ ఇదే పద్ధతి, కూర పెద్ద గిన్నెలో, అన్నం చిన్న గిన్నెలో. కంపెనీలో తోటివాళ్లు డబ్బా మార్చేశారని నవ్వారట. నెల తిరిగేసరికి వాళ్లలో ఇద్దరు ఉలవలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

అత్తమ్మకు షుగర్ ఉంది. రాత్రి ఆమెకూ నాకూ జొన్నరొట్టె. వేడినీళ్లతో పిండి కలిపి, చేత్తో తట్టి వేయడం నాకు రాదు. ఆమె నేర్పుతోంది. నా రొట్టె అంచులు ఇంకా పగులుతూనే ఉన్నాయి.

ఆఖరి వారం

ఇరవై నాలుగో తారీకు దాటాక డబ్బాలు తేలికవుతాయి. నెల మొత్తం ఖర్చు 6,450 దగ్గర ఆగుతుంది, చేతిలో యాభై ఉంటుంది. ఆ వారం ఆదివారపు కోడికూర ఉండదు. అడుగు బొడుగు పప్పులన్నీ కలిపి అడై లాంటి దోశ వేస్తాను. పెసలు గుడ్డలో మూటగట్టి మొలకలు తెప్పిస్తాను, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపితే పొద్దుటి టిఫిను అదే. బీరకాయ పొట్టుతో పచ్చడి అవుతుంది.

నెల చివరి సాయంత్రం మాత్రం సర్వపిండి. రేషన్ బియ్యాన్ని పట్టించిన పిండి రెండు గ్లాసులు, నానిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, డబ్బా అడుగున మిగిలిన నువ్వులు, తురిమిన సొరకాయ, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు. ఆకుకూర ఒక కట్ట మిగిలితే అదీ సన్నగా తరిగి వేస్తాను. సొరకాయ నీళ్లు వదులుతుంది కాబట్టి ముందే నీళ్లు పోయకూడదు, కలుపుతూ చూసి చిలకరించాలి. గుండ్రటి గంజు లోపల నూనె రాసి, పిండి ముద్దను అడుగునా పక్కలకూ చేత్తో పరిచి, వేలితో అక్కడక్కడ రంధ్రాలు చేసి, ఒక్కో రంధ్రంలో చుక్క నూనె వేసి మూత పెట్టి సన్నసెగ మీద వదిలేయాలి. పావుగంటకు అంచులు గంజునుంచి విడివడి ఎర్రబడతాయి. రెండోది వేసే ముందు గంజును నీళ్లతో చల్లార్చాలి, లేకపోతే పిండి పరిచేటప్పుడు చెయ్యి కాలుతుంది.

మొన్న మాఘమాసంలో అమ్మాయికి మళ్లీ పరీక్ష చేయించాం, 12.1 వచ్చింది. మాత్రలు ఆరు నెలలు మానకుండా వేసుకుంది, తిండీ మారింది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. మెట్ల మీద ఆగడం మానేసింది. నాది 11.4 దగ్గరుంది, ఇంకా ఎక్కాలి. సర్వపిండి గంజు మీద మూత తీసేసరికి అమ్మాయి డబ్బాలు దించి నేల మీద వరసగా పెట్టి, కొత్త కాగితం మీద తోటకూర అని రాసి, పక్కన ఎన్ని కట్టలని అడుగుతోంది.